తీపినూతుల హాజరు

హాజరు 1187

ఈ పుస్తకంలో రోజూ నాలుగు ముక్కలు రాయాలని రూలు. మేడకీ మేడకీ మధ్య గాలిలో కబుర్లు మోసే పెట్టె చూసుకునేవాడే పుస్తకమూ రాయాలట. నేను ఏడో తరగతి రెండుసార్లు చదివాను కాబట్టి అడిగినవాళ్ళకి పధ్నాలుగు చదివానని చెబుతాను. కొంగలమేడ మీద ఉన్న ముప్ఫై ఒక్క మందిలో అదే పెద్ద చదువు.

పొద్దున్నే పెట్టెని నడిపే ఎండపలక మీద కొంగల రెట్ట కడిగి, పెట్టె మీట నొక్కాను. నీళ్ళలో మిగిలిన మేడల పేర్లతో ‘తెలిసినవాళ్ళు’ అన్న పేజీ వచ్చింది. పధ్నాలుగు పేర్లు. కింద స్తంభాలకి సముద్రం కొట్టుకుంటోంది. పైన జనం చెంబులు పట్టుకుని తొట్టి దగ్గర వరసలో నిలబడ్డారు. నేను హాజరు చదివితే గానీ మా వదిన మాచరమ్మ తొట్టి మూత తీయదు.

“మూడుపలకలు. నేరుగా విన్నది. ఇవాళే. తలలు ఇరవై ఆరు. నీళ్ళు సగం.”

“ఉన్నారు,” అన్నారు అందరూ.

“గంటమేడ. చెప్పగా విన్నది. నిన్న. తలలు నలభై. నీళ్ళు సగం.”

“ఉన్నారు.”

ఇలా పేరు పేరుకీ. పదకొండు రోజులు ఏ కబురూ లేకపోతే ఆ పేరును పెట్టే కొట్టేస్తుంది. దీన్ని తయారుచేసినవాడెవడో కర్మకాండ తెలిసినవాడై ఉంటాడు. పేరు పోయిన పొద్దున మేమంతా మా వాటాలోంచి తలా ఒక గుక్క గిన్నెలో పోసి, ఆ మంచినీళ్ళు సముద్రంలో వదులుతాం. నేను ఈ పని మొదలెట్టినప్పుడు పేర్లు ముప్ఫై తొమ్మిది. లెక్క మీరే చూసుకోండి.

పదమూడో పేరు తీపినూతులు. తలలు అరవై, నీళ్ళు నిండు. దానికి మా వదిన గొంతే అందరికన్నా పెద్దగా పలుకుతుంది. అది ఆవిడ పుట్టిల్లు.

పధ్నాలుగూ అయ్యాక నేను పేజీ మూయకుండా ఇంకో వరస చదివాను. “ఎరకయ్య అత్తగారు. నేరుగా విన్నది. తల ఒకటి, నోళ్ళు రెండు. బయల్దేరింది.”

అందరూ నవ్వారు. పడవ నడిపే ఎరకయ్య ఒక్కడూ చెంబు కింద పెట్టి సముద్రం వంక చూశాడు. “బావా, నీకు నీళ్ళొదిలే రోజున నేను రెండు గుక్కలు పోస్తాను,” అన్నాడు.

హాజరు 1188

నీళ్ళు ఉప్పగా ఉన్నాయని ఎరకయ్య తల్లి నూకాలు అంది. ముసలిది, చెవులు సరిగా వినబడవు గానీ నాలుక బాగానే పనిచేస్తుంది. అందరూ నా వైపు చూశారు. రెండేళ్ళ కిందట నేను ఒక చెంబులో ఉప్పు కలిపిన మాట నిజమే.

“అత్తా, ఈసారి నేను కాదు,” అన్నాను.

“దొంగ ఎప్పుడూ అదే మాటంటాడు,” అంది.

ఎరకయ్య తాడు కట్టుకుని తొట్టిలోకి దిగాడు. అరగంటకి పైకి వచ్చి, సముద్రం అంచుకి దిగిన అడుగున బీట పడిందని చెప్పాడు. పోటు వచ్చినప్పుడల్లా స్తంభం లోపలినుంచి ఉప్పునీరు ఎక్కుతోంది. వదిన గాట్లు పెట్టిన వెదురుగడ దింపి చూసింది. ఏడు గాట్లు ఉన్నాయి. నిన్నా ఏడే. తాగినా తగ్గలేదంటే సంతోషించాల్సింది. ఎవరూ సంతోషించలేదు.

హాజరు 1190

తారు పూశారు, గుడ్డలు కుక్కారు. బీట ఆగింది గానీ లోపల నీళ్ళు సగానికి తోడి పారబొయ్యాల్సొచ్చింది. మిగిలినవి ముప్ఫై ఒక్క మందికి పన్నెండు రోజులు. వానలకి ఇంకా రెండు నెలలుంది.

హాజరు అయ్యాక ఎవరూ కదల్లేదు. ఎరకయ్యే మొదలెట్టాడు. “పడవలో ఇరవై రెండు మంది పడతారు. ఎటెల్దాం?”

“మూడుపలకలోళ్ళకే సగం ఉంది. ఇరవై రెండు చెంబులు పట్టుకెళ్తే తలుపేసుకుంటారు,” అన్నారెవరో.

“పేజీలో నీళ్ళు నిండు అని ఒక్క పేరుకే ఉంది,” అన్నాడు ఎరకయ్య. “దక్షిణాన నాలుగు రోజుల తెడ్డు. మాచరమ్మ పుట్టిల్లే కదా, కాదంటారేంటి?”

అందరూ వదిన వంక చూశారు. వదిన నా వంక చూసింది. నేను కొంగల వంక చూశాను.

ఇప్పుడు అసలు సంగతి రాయాలి. ఈ పుస్తకం ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

కాపురానికి వచ్చిన రోజునుంచీ వదినది ఒకటే పాట. “సముద్రం గుమ్మంలోకి వచ్చినా మా ఊరి నూతినీళ్ళు కొబ్బరినీళ్ళే మరిదీ.” పుట్టింటి గొప్పలు మేనమామ దగ్గర చెప్పకూడదు గానీ మరిది దగ్గర చెప్పొచ్చు కదా. మా అన్న పోయాడు, ఊరు పోయింది, మేడెక్కాం, ఆ పాట మాత్రం పోలేదు. మూడేళ్ళ కిందట నాకు ఒళ్ళు మండి, వలల గదిలో పడున్న పాత పెట్టె ఒకటి బాగుచేశాను. దానికి ఎండపలక లేదు. పక్కనున్న పిడి చేత్తో తిప్పితేనే పలుకుతుంది. దానికి తీపినూతులని పేరు పెట్టి, తలలు అరవై, నీళ్ళు నిండు అని కొట్టి, పిడి తిప్పి, మర్నాడు హాజరులో ఏమీ ఎరగనట్టు చదివాను.

వదిన నన్ను తిడుతుందని, అందరూ నవ్వుతారని నా ఎత్తు. ఆవిడ చేతిలో చేద జారిపడింది. మళ్ళీ తీసి అందరికీ నీళ్ళు పోసింది. తన చెంబులో పోసుకోవడం మరిచిపోయింది.

మూడో రోజు చెబుదామనుకున్నాను. నాలుగో రోజు అనుకున్నాను. చివరికి పిడి తిప్పడం మానేశాను. పదకొండు రోజులకి దానంతట అదే పోతుంది, ఒక గిన్నెడు నీళ్ళతో నా తప్పు కొట్టుకుపోతుంది అనుకున్నాను. పదకొండో రోజున నేరుగా విన్న వరస పోయింది. పన్నెండో రోజున ‘తీపినూతులు, చెప్పగా విన్నది, మూడుపలకల ద్వారా’ అని మళ్ళీ వచ్చింది. నా అబద్ధం ఊరు తిరిగి నా దగ్గరికే వచ్చి నాకే చెప్పింది. అప్పటినుంచీ రోజూ చెబుతూనే ఉంది. ఒకసారి వేలితో ఆ వరస కొట్టేశాను. సాయంత్రానికి పక్కవాళ్ళు మళ్ళీ పంపారు.

హాజరు 1191

మీటను గట్టిగా నొక్కి పట్టుకుంటే లోపలి పేజీ వస్తుంది. ఏ పేరును ఎవరు ఎవరి దగ్గర విన్నారో అందులో ఉంటుంది. ఇన్నేళ్ళూ దాని జోలికి పోలేదు. చదువుకున్నవాడికి బద్ధకం ఎక్కువ.

తీపినూతుల కబురు మా పెట్టెకి చెప్పింది మూడుపలకలు. మూడుపలకలకి చెప్పింది మా పెట్టె. రెండూ మూడేళ్ళుగా ఒకదానికొకటి చెప్పుకుంటున్నాయి. చెప్పినప్పుడల్లా కబురు కొత్తదవుతుంది. పదకొండు రోజులు ఎన్నటికీ నిండవు.

అక్కడితో ఆపేస్తే బాగుండేది. మిగతా పేర్లు కూడా చూశాను. గంటమేడ సంగతి మాకు చెప్పింది మూడుపలకలు, మూడుపలకలకి చెప్పింది మేము. రెల్లుమేడ సంగతీ అంతే. ఒకటీ ఒకటీ తవ్వుకుంటూ పోయాను. పధ్నాలుగు పేర్లలో ఎవరైనా తమ చెవులతో విన్నది ఒక్కటే, మూడుపలకలు. తక్కిన పదమూడూ గాలిలో తిరుగుతున్న పేర్లు. వాటిలో ఒకటి నేను పుట్టించింది. మిగతా పన్నెండు ఎప్పుడు పోయాయో తెలియదు. పన్నెండు గిన్నెలు బాకీ.

హాజరు 1192

చెప్పేశాను. హాజరు చదవకుండా ముందు అదే చెప్పాను. పాత పెట్టె తెచ్చి తొట్టి గట్టు మీద పెట్టి, పిడి తిప్పి, పేరు చూపించాను.

అందరూ వంగి చూశారు. తర్వాత ఎరకయ్య నవ్వడం మొదలెట్టాడు.

“ఎప్పుడు కొట్టేవు బావా ఈ పేరు? నిన్న సాయంత్రమా?”

“మూడేళ్ళయింది.”

“మరి మూడుపలకలోళ్ళు ఎలా విన్నారు? ఆళ్ళే కదా మనకి చెప్పింది? అందరూ నీ తమాషాలో ఉన్నారా?”

“వాళ్ళు నా దగ్గరే విన్నారురా.”

“పేరు ఎవడైనా కొడతాడు. మేం ఎల్లిపోతే నీ వేళాకోళాలు ఇనేవోళ్ళుండరని నీ బాధ.”

ప్రమాణం చేస్తానన్నాను. “కిందటిసారి మీ అమ్మ మీద చేసేవు. దానికి ముందు మా అమ్మ మీద చేసేవు. ఇంకెవరి మీద చేస్తావు?” అన్నాడు. వరసంతా నవ్వింది. నేను చేసిన తమాషాలన్నిటిలో ఇంతమందిని నవ్వించింది ఇదొక్కటే.

వదిన నవ్వలేదు. “హాజరు చదువు మరిదీ. నీళ్ళు పోయాలి,” అంది.

చదివాను. అరవై తలలు, నీళ్ళు నిండు.

“ఉన్నారు,” అంది వదిన, ఎప్పటిలాగే, అందరికంటే పెద్దగా.

హాజరు 1193

పడవకి తారు పూస్తున్నారు. వదిన ఒక్కతే తొట్టి దగ్గర చేదతాడు ముడులు సరిచూస్తోంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

“వదినా, నువ్వైనా నమ్ము.”

“నమ్మడానికేముంది. నాకు మొదటి రోజే తెలుసు.”

మోసపోయింది నేనన్నమాట. నాకు అలా జరగడం అరుదు.

“పేరు చదివేవు, చేద జారిపోయింది. తలలు అరవై అన్నావు, మా చెల్లెలు ఉందేమో అనుకున్నాను. నీళ్ళు నిండు అన్నావు. అప్పుడు నువ్వేనని తెలిసిపోయింది.”

“అదేంటి?”

“మా నూతులు నా పెళ్ళికి ఆరేళ్ళ ముందే ఉప్పయిపోయేయి. బిందె పట్టుకుని రెండు మైళ్ళు నడిచేవాళ్ళం. అత్తోరింట్లో ఆ మాట చెప్పుకుంటారేంటి ఎవరైనా?”

“మూడేళ్ళు నన్ను చంపుకు తిన్నావు కదే తల్లీ. అప్పుడే నాలుగు తిట్టుంటే పోయేదిగా.”

“పొద్దున్నే ఆ పేరు చదివితే ఉన్నారు అనడం బాగుండేది,” అంది. తాడు ముడి పళ్ళతో బిగించింది.

మిగతా పన్నెండు పేర్ల సంగతి కూడా చెప్పాను. వింది. ఆశ్చర్యపోలేదు.

“మరి ఎందుకు వెళ్తున్నారు?”

“ఇక్కడ ముప్ఫై ఒక్క మందిమి కూర్చుంటే పదిరోజులు. ఇరవై రెండు మందిమి ఎల్లిపోతే మిగిలిన తొమ్మిది మందికి నెల పైన. వాన పడొచ్చు. ఊరికే ఎల్దాం రమ్మంటే ఎవరొస్తారు మరిదీ? పేరుండాలి. నువ్వే పెట్టేవు కదా, ఉంచు.”

“నేనూ వస్తాను.”

“నువ్వు రాకూడదు. హాజరు ఎవరు చదువుతారు?”

హాజరు 1194

బయల్దేరారు. తెడ్డు వెయ్యగలవాళ్ళు, వాళ్ళ పిల్లలు, వదిన. ఇక్కడ మేం తొమ్మిది మందిమి: ముసలివాళ్ళు, జబ్బువాళ్ళు, నేను. పాత పెట్టె వాళ్ళకిచ్చేశాను. దాని పేరు మార్చి ‘పడవ’ అని కొట్టాను. రోజూ పొద్దున్నే పిడి తిప్పాలని, తలలు ఎన్నో కొట్టాలని వదినకి నేర్పాను.

నూకాలు గట్టు మీద నిలబడి కొడుక్కి చెయ్యి ఊపుతూ, “ఒరే, తీపినీళ్ళు తాగి గొంతు పట్టేసుకుంటుందిరా, మెల్లిగా తాగండి,” అని అరిచింది.

ఎరకయ్య నాతో, “బావా, ఇంక నీ అబద్ధాలు కొంగలకి చెప్పుకో,” అన్నాడు.

హాజరు 1196

పడవ. నేరుగా విన్నది. ఇవాళే. తలలు ఇరవై రెండు.

“ఉన్నారు.” తొమ్మిది గొంతులకి ఈ మేడ పెద్దదైపోయింది.

హాజరు 1199

పొద్దున్న పేజీలో పడవ అన్న వరస లేదు. మళ్ళీ పైనుంచి చదివాను. కిందకి చూస్తే దాని బదులు ఇది ఉంది:

తీపినూతులు. నేరుగా విన్నది. ఇవాళే. తలలు ఇరవై రెండు. నీళ్ళు నిండు.

పేరు మార్చడం వదినకి నేను నేర్పలేదు. చూసి నేర్చుకున్నట్టుంది. చదివాను. నూకాలు తన చెంబు నీళ్ళు నా చేతిలో పెట్టి, “అబద్ధమన్నావు, కళ్ళు పోతాయి నీకు,” అంది. ముసలాళ్ళంతా నన్ను వరసపెట్టి తిట్టారు. ఎన్నడూ అంత ఆనందంగా తిట్టించుకోలేదు.

నేరుగా వినబడేవాళ్ళకి చిన్న ముక్క రాసి పంపవచ్చు. “వదినా, నూతులు?” అని పంపాను.

మధ్యాహ్నం జవాబు వచ్చింది. “ఇసక మిగిలింది. నూతులున్నాయి. ఉప్పు. చదివేటప్పుడు నిండు అనే చదువు.”

హాజరు 1201

తలలు పధ్నాలుగు.

ముక్క కూడా వచ్చింది. “ఎరకయ్య ఏడుగుర్ని తీసుకుని పడవ మీద ఇంకా దక్షిణానికి ఎల్లేడు. నీళ్ళు దొరికితే వస్తానన్నాడు.”

నేను ఇరవై రెండు అని చదివాను. నూకాలు రోజూ అడుగుతుంది, “ఇరవై రెండేనా?” అని. “ఇరవై రెండే అత్తా,” అంటాను. నా జీవితంలో నా మాట ఎవరైనా మారు ప్రశ్న లేకుండా నమ్మడం ఇదే మొదలు.

హాజరు 1203

మూడుపలకల పెట్టె చూసే లాజరు నుంచి ముక్క. “తాతారావూ, మీ పేజీలో తీపినూతులు నేరుగా విన్నట్టు చూపిస్తోంది. ఇన్నాళ్ళూ చెప్పగా వినడమే గానీ నేరుగా విన్నవాడు లేడు. నిజమేనా? మా తొట్టిలో ఒక్క గాటు. ఇరవై ఆరు మందిమీ బయల్దేరదామని.”

వెంటనే రాశాను. “అక్కడ నీళ్ళు లేవు. ఆ పేరు నేను పుట్టించింది. అక్కడున్నది మా వదిన. వెళ్ళకండి.”

జవాబు: “నిరుడు మాకు గవర్నమెంటు ఓడ వస్తోందని కొట్టింది నువ్వే కదా. జనం మూడు రోజులు మూటలు కట్టుకుని గోడ మీద కూర్చున్నారు. నువ్వు రమ్మంటే ఆలోచించాలి. వద్దన్నావంటే నీళ్ళున్నట్టే. మాకు మిగల్చరా ఏంటి?”

ఇంకో నాలుగు ముక్కలు పంపాను. ప్రతి ముక్కకీ వాళ్ళ నమ్మకం పెరిగింది. వదినకి కూడా రాశాను, మీ వరస చెరిపెయ్యమని. జవాబు లేదు. తలలు పదకొండు.

హాజరు 1204

మూడుపలకలు. నేరుగా విన్నది. ఇవాళే. తలలు ఇరవై ఆరు.

లాజరుని పిలిచాను. పలకలేదు. వెళ్ళిపోయారు. పెట్టెకి ఎండపలక ఉంది కాబట్టి ఎండ వచ్చినప్పుడల్లా అది తనంతట తనే ఇరవై ఆరు తలలని చెబుతోంది. ఖాళీ మేడ. నేరుగా విన్నదాని మర్యాద కూడా ఇంతే.

వదిన పెట్టెకి మాత్రం ఎండతో పనిలేదు. పిడి తిప్పాలి. అది పలికిందంటే అక్కడ ఒక చెయ్యి ఉన్నట్టు. ఈ పేజీ మొత్తంలో నేను నమ్మేది ఆ ఒక్క వరసే, నేను పుట్టించిన వరస.

హాజరు 1208

తలలు నాలుగు. ఎరకయ్య పడవ రాలేదు. లాజరు వాళ్ళు చేరినట్టూ లేదు.

“వదినా, నన్ను తిట్టు,” అని పంపాను.

సాయంత్రం వచ్చింది. “ఓపిక లేదు. నువ్వే రెండు తిట్టేసుకో.”

హాజరు 1210

తీపినూతులు. నేరుగా విన్నది. ఇవాళే. తలలు ఒకటి. నీళ్ళు నిండు.

ఆ ఒకటి ఎవరో అడగక్కర్లేదు. పిడిని సత్తువ లేని చెయ్యి తిప్పినట్టుంది, అక్షరాలు ఆగి ఆగి వచ్చాయి. చివర్న ఒక ముక్క. “కొబ్బరినీళ్ళే మరిదీ.”

హాజరు 1211

తీపినూతులు. నేరుగా విన్నది. నిన్న.

హాజరు 1214

నాలుగు రోజుల కిందట.

హాజరు 1221

పదకొండో రోజు. వరస పోయింది. చదవలేదు. ఎవరైనా అడిగితే పేజీ సరిగా కనబడలేదని చెబుదామనుకున్నాను. నూకాలు తనకే వినబడలేదనుకుని మళ్ళీ చదవమంది. “మబ్బుగా ఉందత్తా, రేపు,” అన్నాను. మబ్బు ఎక్కడుందని పైకి చూసింది. పాపం, ఆశగానే చూసింది.

అందరూ లోపలికి వెళ్ళాక నా చెంబు తీసుకుని మెట్లు దిగాను. గుక్క పోస్తే చాలు. చెంబంతా వదిలాను. ఇరవై రెండుసార్లు కొంచెం కొంచెంగా వదులుదామనుకున్నాను గానీ చెంబు వంచగానే ఒక్కసారే పోయింది. సముద్రానికి తేడా తెలిసినట్టు లేదు.

హాజరు 1222

పొద్దున్నే ఎండపలక కడిగి, మీట నొక్కాను. జనం తొట్టి దగ్గర నిలబడ్డారు. మూత ఇప్పుడు నేనే తీస్తాను. వెదురుగడ మీద ఒక గాటు.

పేజీ వచ్చింది. పధ్నాలుగు పేర్లు. పదమూడోది:

తీపినూతులు. చెప్పగా విన్నది. మూడుపలకల ద్వారా. నిన్న. తలలు ఒకటి. నీళ్ళు నిండు.

ఇంక ఇది పోదు. ఖాళీ మేడ నాకు చెబుతుంది, నా పెట్టె దానికి చెబుతుంది. మేం తొమ్మిది మందిమీ పోయాక కూడా ఎండ ఉన్నంతకాలం రెండు పెట్టెలూ ఒకదానికొకటి చెప్పుకుంటాయి. కొంగలమేడ, తలలు తొమ్మిది. తీపినూతులు, తలలు ఒకటి, నీళ్ళు నిండు.

“ఇవాళ కనబడిందా?” అంది నూకాలు.

“కనబడింది అత్తా.”

“చదవవేం మరి?”

“తీపినూతులు. నేరుగా విన్నది. ఇవాళే. తలలు ఇరవై రెండు. నీళ్ళు నిండు.”

“ఉన్నారు,” అంది నూకాలు అందరికంటే ముందు. తక్కిన ఏడుగురూ అన్నారు.

అందరూ అయ్యాక నేనూ అన్నాను. తర్వాత మూత తీశాను.